హద్దు దాటిన బాంబు, దాటలేని సాక్ష్యం

ఏ ప్రభుత్వానికీ చెందకుండా, ఏ దేశపు సైనిక చట్టానికీ లోబడకుండా, తనకంటూ ఒక నాయకత్వాన్నీ ఆయుధాలనూ సమకూర్చుకుని రాజకీయ లక్ష్యం కోసం హింసకు పూనుకునే ముఠాను, దళాన్ని, ఒక్కొక్కప్పుడు ఏకంగా సైన్యాన్ని కూడా రాజనీతిశాస్త్రం ‘రాజ్యేతర సాయుధ బృందం’ అంటుంది. ఇందులో ‘రాజ్యేతర’ అన్న విశేషణపు బరువు తెలియాలంటే, ఒక భూభాగంలో న్యాయసమ్మతంగా బలప్రయోగం చేసే గుత్తాధికారం ఎవరిదో అదే రాజ్యమని 1919లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ ఇచ్చిన నిర్వచనాన్ని గుర్తుచేసుకోవాలి. దొంగ చట్టాన్ని ఉల్లంఘించి దాక్కుంటాడు. సాయుధ బృందం మాత్రం చట్టం చేసే అధికారమే తనదని చాటుకుంటుంది. ఆ సవాలు ఒక దేశంలో పుట్టి మరో దేశంలో ప్రాణాలు తీసినప్పుడు, లేదా దాని పేరున ఒక దేశం మరో దేశం మీదికి సైన్యాన్ని నడిపినప్పుడు అది అంతర్జాతీయ భద్రతా సమస్యగా మారుతుంది. ఈ చర్చ పుస్తకాల్లో తరచుగా కాబూల్, మోసుల్, మొగదిషుల చుట్టూ తిరుగుతుంది గాని, బేగంపేట నుంచి మొదలుపెట్టినా అన్ని ముడులూ దొరుకుతాయి.

2005 అక్టోబర్ 12, విజయదశమి నాటి రాత్రి, బేగంపేటలో ఉన్న హైదరాబాద్ పోలీస్ కమిషనర్ టాస్క్‌ఫోర్స్ కార్యాలయంలో, అంటే నగర పోలీసుల్లో ప్రత్యేక గాలింపులకూ అరెస్టులకూ కేటాయించిన విభాగపు కార్యాలయంలో, పేలుడు పదార్థాలతో వచ్చిన ఒక వ్యక్తి తనను తాను పేల్చుకున్నాడు. పండుగ కావడంతో సిబ్బందిలో ఎక్కువమంది అక్కడ లేరు; ఒక హోంగార్డు మరణించాడు, మరొకరు గాయపడ్డారు. ఆ మానవబాంబు బంగ్లాదేశీయుడనీ, హర్కతుల్ జిహాద్ అల్ ఇస్లామీ అనే సంస్థ, పత్రికల భాషలో ‘హుజీ’, అతన్ని పంపిందనీ, హైదరాబాద్‌లో పుట్టి సరిహద్దు దాటిపోయిన షాహిద్ బిలాల్ ఇందుకు పథకం వేశాడనీ పోలీసులు ప్రకటించారు. బిలాల్ కరాచీలో హతుడయ్యాడన్న వార్త 2007లో వచ్చింది. 2017 ఆగస్టు 10న నగర సెషన్స్ కోర్టు, విచారణను ఎదుర్కొన్న పదిమందినీ, నేరం రుజువు కాలేదన్న కారణంతో, నిర్దోషులుగా విడుదల చేసింది.

ఈ ఘటననూ ఈ తీర్పునూ ముందుంచుకుని సాగే వాదమే ఈ సంవాదం. ఒకరు డీఎస్పీగా పదవీ విరమణ చేసిన పోలీసు అధికారి, మరొకరు న్యాయశాస్త్రం బోధించిన అధ్యాపకుడు. ఇద్దరూ కల్పిత పాత్రలే అయినా వారి వాదాలు మాత్రం రెండు దశాబ్దాలుగా నగరంలో వినబడుతున్నవే. మన శాస్త్రగ్రంథాల పద్ధతిలో పూర్వపక్షం ఎవరిది, సిద్ధాంతం ఎవరిది అని ముందే తేల్చిపెట్టడం ఇక్కడ సాధ్యం కాదు, ఎందుకంటే సగం దూరం నడిచాక ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు.

అధికారి: మాస్టారూ, ఆ రాత్రి జరిగినదాన్ని హత్య అనే మాటలో ఇమిడ్చిన దగ్గరే పొరపాటు మొదలైంది. హత్యలో చంపినవాడికీ చచ్చినవాడికీ నడుమ పగో, ఆస్తి తగాదానో, మరొకటో ఉంటుంది, దర్యాప్తు ఆ దారం పట్టుకుని నడుస్తుంది. ఎక్కడో బంగ్లాదేశ్‌లో పుట్టినవాడికీ పండుగ పూట బేగంపేటలో డ్యూటీలో ఉన్న హోంగార్డుకూ ఏ తగాదా ఉంటుంది? ఆ దాడి మనిషి మీద కాదు, ఆ గోడ మీది రాజముద్ర మీద. పేల్చుకున్నవాడిది ఒక దేశం, పురమాయించినవాడు ఉన్నది ఇంకో దేశం, ఆశ్రయమిచ్చినవాళ్లు ఈ ఊరివాళ్లు అన్నది దర్యాప్తు చెప్పిన మాట. ఊళ్లోని సాక్షులనూ, పంచనామానూ, స్టేషన్ హద్దునూ నమ్ముకుని రాసుకున్న నేరచట్టం, 4,096 కిలోమీటర్ల సరిహద్దు దాటి వచ్చిన పనిని ఏ చేత్తో పట్టుకోగలదు?

అధ్యాపకుడు: డీఎస్పీగారూ, పట్టుకోలేకపోయిన చెయ్యి ఊరికే ఉంటే బాధ లేకపోయేది, అందినవాణ్ని పట్టుకుంది. దొరికినవాడే దొంగ అన్న సామెత మన దర్యాప్తులకు శాసనంలాగా పనిచేసింది. రుజువు లేదని కోర్టు తేల్చడానికి దాదాపు పన్నెండేళ్లు పట్టింది, నిందితుల్లో కొందరు ఆ కాలంలో ఏళ్ల తరబడి విచారణ ఖైదీలుగానే ఉన్నారు. ఉన్న చట్టం సరిపోలేదన్నది తమరి ఫిర్యాదు. ఉన్న చట్టాన్నే సరిగా నడపలేదన్నది ఆ తీర్పు చెబుతున్న మాట.

అధికారి: బాంబు పేలలేదని ఆ తీర్పు చెప్పలేదు కదా.

అధ్యాపకుడు: ఎవరు పేల్పించారో రుజువు కాలేదని చెప్పింది. న్యాయశాస్త్రంలో ఆ రెంటికీ మధ్య ఉన్న దూరమే నేర విచారణ.

అధికారి: ఆ దూరం దాటడానికి వంతెనలు లేవు మాస్టారూ, అదే చెప్పదలచుకున్నది. 2005లో భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య నేరస్తుల అప్పగింత ఒప్పందమే లేదు, అది 2013 జనవరిలో కుదిరింది. నేర విషయాల్లో ఒక దేశం కోరితే మరో దేశం సాక్షులను విచారించి, పత్రాలు పంపి సాయపడే పరస్పర న్యాయసహాయ ఒప్పందం 2010లో జరిగింది. జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) 2008 చివర, ముంబయి దాడుల తర్వాత గాని పుట్టలేదు. ఎస్పీ స్థాయి అధికారి ముందు నిందితుడు ఇచ్చిన ఒప్పుకోలును సాక్ష్యంగా అంగీకరించిన పోటా చట్టం 2004లోనే రద్దయింది. ఆ తర్వాత మిగిలింది, పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు చెల్లదని చెప్పే 1872 నాటి సాక్ష్య చట్టం. చేతులు కట్టేసి ఏట్లో ఈదమన్నట్టుగా ఉంది అప్పటి దర్యాప్తు అధికారి స్థితి.

ఇక్కడ అధికారి చెప్పిన తేదీలన్నీ సరైనవే, అయితే వాటి పక్కన చేర్చవలసిన తేదీ ఒకటి ఉంది. 2001 సెప్టెంబర్ 28న, న్యూయార్క్ దాడులు జరిగిన పదిహేడు రోజులకు, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1373వ తీర్మానం ఆమోదించింది. ఉగ్రవాదానికి డబ్బు సమకూర్చడాన్ని నేరంగా పరిగణించాలని, ఆశ్రయం ఇవ్వరాదని, దర్యాప్తులో సాక్ష్యాల సేకరణకు దేశాలు ఒకదానికొకటి గరిష్ఠంగా తోడ్పడాలని అది సభ్యదేశాలన్నిటినీ కట్టడి చేసింది. కాబట్టి బేగంపేట పేలుడు నాటికి సాక్ష్యం సరిహద్దు దాటవలసిన బాధ్యత కాగితం మీద నాలుగేళ్లుగా ఉంది. ఆ కాగితాన్ని పనిలోకి దించే ఒప్పందాలే ఢిల్లీకీ ఢాకాకూ మధ్య లేవు. రాజ్యేతర బృందాలు నివసించేది అడవుల్లోనూ కొండల్లోనూ మాత్రమే కాదు, ఇలా తీర్మానానికీ ఒప్పందానికీ నడుమ ఖాళీగా వదిలిన జాగాలో కూడా.

హుజీ పుట్టుక కూడా ఆ జాగాలోనే ఉంది. 1980ల ఆఫ్ఘనిస్తాన్ యుద్ధంలో సోవియట్ సేనలతో పోరాడేందుకు వెళ్లినవారి మధ్య పాకిస్తాన్‌లో అది ఏర్పడింది. ఆ యుద్ధం నుంచి తిరిగివచ్చినవారు 1992లో బంగ్లాదేశ్ శాఖను స్థాపించారు. రాజ్యాలే డబ్బూ ఆయుధాలూ ఇచ్చి నడిపించిన యుద్ధం ముగిశాక, ఆ యుద్ధవిద్య తెలిసినవారు ఏ రాజ్యానికీ చెందనివారుగా మిగిలారు. ‘రాజ్యేతర’ అన్న మాటను అక్షరాలా నమ్మరాదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

అధ్యాపకుడు: అదే 2005 అక్టోబరులో బంగ్లాదేశ్ ప్రభుత్వం హుజీ నాయకుడు ముఫ్తీ హన్నాన్‌ను అరెస్టు చేసింది, సంస్థను నిషేధించింది. సిల్హెట్‌లో బ్రిటిష్ హైకమిషనర్ మీద 2004లో జరిగిన గ్రెనేడ్ దాడి కేసులో అతనికి అక్కడి కోర్టు మరణశిక్ష వేయగా 2017 ఏప్రిల్‌లో అమలైంది. బేగంపేట తీర్పు వచ్చింది దానికి నాలుగు నెలల తర్వాత. ఒకే సంస్థ పేరు వినబడ్డ రెండు కేసుల్లో ఒకటి శిక్షతోనూ మరొకటి విడుదలతోనూ ముగిశాయంటే, సాక్ష్యం దొరకని వస్తువేమీ కాదు.

అధికారి: దొరికే చోట దొరికింది మాస్టారూ. ఢాకా సాక్షి ఢాకా కోర్టుకు వస్తాడు, నాంపల్లి కోర్టుకు రాడు.

అధ్యాపకుడు: రాని సాక్షికి బదులుగా రాగల యువకుణ్ని బోనులో నిలబెట్టడం న్యాయమవుతుందా? 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది, ఆ వెంటనే జరిగిన పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. నింద తొలుత పడింది హుజీ మీదనే, అదే బిలాల్ పేరు చెప్పి పాతబస్తీ యువకులను పట్టుకెళ్లారు. తర్వాత సీబీఐ, ఎన్‌ఐఏలు అది హిందూత్వ తీవ్రవాదుల పని అని వేరేవారి మీద అభియోగం మోపాయి, 2018 ఏప్రిల్ 16న వారూ రుజువు లేదని విడుదలయ్యారు. మొదట పట్టుబడి బయటపడ్డ యువకులకు ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కూడా కొట్టివేసింది. కనబడని శత్రువుకు ఒక విదేశీ పేరు పెట్టుకుంటే దర్యాప్తు పని తేలికవుతుంది, ఆ తేలికతనమే అసలు శత్రువుకు రక్షణ.

ఈ మాటకు అధికారి దగ్గర సూటి జవాబు లేదు. ఆయన ఎత్తుకున్నది దిల్‌సుఖ్‌నగర్‌ను. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం అక్కడ సైకిళ్లకు అమర్చిన రెండు బాంబులు పేలి 18 మంది మరణించారు. కేసు ఎన్‌ఐఏ చేతికి వెళ్లింది. ఆ ఏడాది ఆగస్టులో నేపాల్ సరిహద్దులో ఇండియన్ ముజాహిదీన్ నాయకుడు యాసిన్ భత్కల్ పట్టుబడ్డాడు. 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు యాసిన్‌తోనూ ఒక పాకిస్తానీయుడితోనూ సహా ఐదుగురికి మరణశిక్ష విధించగా 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. ప్రధాన నిందితుడిగా చూపిన రియాజ్ భత్కల్ మాత్రం నేటికీ చిక్కలేదు.

అధికారి: ప్రత్యేక సంస్థ, ప్రత్యేక కోర్టు, పొరుగుదేశం తోడ్పాటు ఉంటే కేసు నిలబడుతుందనడానికి ఇదే రుజువు. అవి లేని రోజుల్లో ఉద్యోగం చేసినవాళ్ల మీద బండలు వేయడం సులువు.

అధ్యాపకుడు: ఆ ఐదుగురి మీద నిలబడ్డది పోటా ఒప్పుకోలు కాదని కూడా అదే రుజువు. పోలీసుల ముందు ఒప్పుకోలు చెల్లదన్న నియమం ఉండగానే శిక్షపడింది. కొరవడ్డది కఠినమైన చట్టం కాదు, ఓపికైన దర్యాప్తు.

ఇద్దరూ ఒప్పుకోకుండానే ఒకే చోటికి చేరిన ఘట్టమిది, అయితే వారు అక్కడ ఎక్కువసేపు నిలవలేదు.

అధికారి: సరే, కోర్టుల సంగతి అలా ఉంచి దేశాల సంగతి చూద్దాం. 2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో 26 మందిని కాల్చి చంపారు. మే 7న భారత వైమానిక దళం, సైన్యం పాకిస్తాన్‌లోని స్థావరాల మీద దాడి చేశాయి, మే 10 దాకా రెండు అణ్వస్త్ర దేశాలు ఒకదాని మీద ఒకటి క్షిపణులూ డ్రోన్లూ ప్రయోగించుకున్నాయి. 2019లో బాలాకోట్ మీద జరిపిన వైమానిక దాడి అలాంటిదే. దీన్ని నేర విచారణ అంటారా, యుద్ధమంటారా? సాయుధ దాడికి గురైన దేశానికి ఆత్మరక్షణ హక్కు ఉందని ఐక్యరాజ్యసమితి నియమపత్రం 51వ అధికరణం చెబుతుంది. దాడి చేసినవాడు ఏ దేశపు యూనిఫాం వేసుకోలేదు కాబట్టి ఆ హక్కు పోతుందా? ఆశ్రయమిచ్చిన దేశం ఆ ముఠాను అణచనని అన్నా, అణచలేనని అన్నా, దెబ్బతిన్న దేశం స్వయంగా వెళ్లి అణచవచ్చునన్న వాదం 2001 తర్వాత బలపడింది.

అధ్యాపకుడు: బలపడింది గాని శాసనం కాలేదు. నికరాగువా కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 1986లోనే, సాయుధ ముఠాలను ఒక దేశం పంపించడం వేరు, కేవలం ఆయుధాలో సాయమో ఇవ్వడం వేరు అని గీత గీసింది. మొదటిది సాయుధ దాడితో సమానం కావచ్చు, రెండోది తప్పే అయినా ఆ స్థాయిది కాదు. ఆ గీత చెరిపేస్తే ఏమవుతుందో ఆలోచించాలి. పిడికెడు మంది తుపాకులు పట్టుకుని వస్తే రెండు దేశాల సైన్యాలు కదులుతాయన్నప్పుడు, యుద్ధం ఎప్పుడు జరగాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతికి పోయినట్టు? ఇంతకీ ఇది హైదరాబాద్‌కు కొత్త పాఠం కాదు డీఎస్పీగారూ, 1948 గుర్తుందా?

అధ్యాపకుడు ప్రస్తావించిన ఘట్టం దగ్గర కాస్త ఆగడం అవసరం, ఎందుకంటే ఈ నగరపు పేరు భద్రతా మండలి ఎజెండాలోకి ఎక్కింది ఒక సాయుధ బృందం కారణంగానే. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌కు అనుబంధంగా ఖాసిం రజ్వీ నడిపిన రజాకార్లు నిజాం ప్రభుత్వపు సైన్యం కారు, పోలీసులు కారు. స్వచ్ఛంద సేవకులమని చెప్పుకునేవారు. ఆయుధాలు పట్టి పల్లెల మీద పడి వారు సాగించిన దోపిడీలూ హత్యలూ తెలంగాణ జ్ఞాపకంలో నేటికీ పచ్చిగానే ఉన్నాయి. నిజాం ప్రభుత్వం వారిని ఆపలేదు, ఆపగలిగే స్థితిలో ఉందో లేదో కూడా సందేహమే. ‘అణచనని అన్నా, అణచలేనని అన్నా’ అని అధికారి చెప్పిన సూత్రానికి ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారతదేశం మీద భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబర్ 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది, 16న పారిస్‌లో సమావేశమైన మండలి ‘హైదరాబాద్ సమస్య’ను చేపట్టింది, మరునాడే నిజాం లొంగిపోయాడు, కొద్దిరోజుల్లో ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నానని తంతి పంపాడు. హైదరాబాద్ స్వతంత్ర రాజ్యం కాదు కాబట్టి మండలికి విచారణాధికారమే లేదన్నది భారత ప్రతినిధుల వాదన.

అధికారి: ఆ సైనిక చర్య తప్పంటారా? రజాకార్లను ఏ కోర్టు నోటీసు ఆపేది?

అధ్యాపకుడు: తప్పని ఈ మాటకు అర్థం కాదు. ముఠాను అణచడానికి సైన్యం కదిలినప్పుడు దెబ్బ ముఠా దగ్గరే ఆగదని అర్థం. ఆ చర్య తర్వాత జరిగిన హింసను విచారించిన సుందర్‌లాల్ సంఘం 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయారని అంచనా వేసింది, వారిలో అత్యధికులు ముస్లిం సామాన్యులు. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. రజ్వీ మాత్రం ప్రత్యేక ట్రిబ్యునల్ విచారణలో, మామూలు నేరచట్టం కింద శిక్షపడి, జైలులో గడిపి 1957లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. నాయకుడికి కోర్టు దొరికింది, సామాన్యుడికి దొరకలేదు.

చాలాసేపటికి గాని అధికారి బదులు చెప్పలేదు. చెప్పినప్పుడు మాట మార్చి, తన సర్వీసులో ఎక్కువ కాలం తలపడ్డ వారి దగ్గరికి, అంటే నక్సలైట్ల దగ్గరికి వచ్చాడు. సంవాదం తిరగబడ్డదీ ఇక్కడే.

అధికారి: విదేశీ మూకల మాట వేరు. ఇక్కడి అన్నల విషయంలో మాత్రం యుద్ధమనే మాట వాడరాదు. వాళ్లు మన పౌరులు, చేసింది నేరం, చూడవలసింది పోలీసులు. 1999 సెప్టెంబర్ 4న ఎస్సార్ నగర్ కూడలిలో, అమీర్‌పేటకు కూతవేటు దూరంలో, పట్టపగలు ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్రను కాల్చి చంపారు, అక్కడే ఇప్పుడు ఆయన విగ్రహం ఉంది. దానికి యుద్ధమని పేరు పెడితే చంపినవాడు సైనికుడైపోతాడు.

అధ్యాపకుడు: చంపినవాడు సైనికుడు కాడు, హంతకుడే. అయినా పీపుల్స్‌వార్ స్థితి వేరు. 1980 ఏప్రిల్ 22న కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో పుట్టి, 2004 సెప్టెంబర్ 21న మరో పార్టీతో కలిసి మావోయిస్టు పార్టీగా మారిన ఆ సంస్థకు దళాలున్నాయి, కమిటీలున్నాయి, అడవుల్లో తన ఏలుబడి అని చెప్పుకున్న ప్రాంతాలున్నాయి. 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలకూ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణం, ఒక దేశం లోపలే జరిగే సాయుధ ఘర్షణలో కూడా పట్టుబడ్డవారిని, గాయపడ్డవారిని చంపరాదని, హింసించరాదని చెబుతుంది. అలాంటి ఘర్షణ ఉందో లేదో తేల్చడానికి హింస తీవ్రతను, బృందపు నిర్మాణాన్ని చూడాలని యుగోస్లావియా యుద్ధనేరాల న్యాయస్థానం 1995లో టాడిచ్ కేసులో చెప్పింది. ఆ రెండు కొలతలకూ మావోయిస్టులు సరిపోతారు. ఆ అధికరణం ఒప్పుకుంటే అది మందుపాతర పెట్టే దళాన్నీ కట్టడి చేస్తుంది, ఎన్‌కౌంటర్ చేసే పోలీసునూ కట్టడి చేస్తుంది.

పాఠకుడు గమనించే ఉంటాడు: హుజీ విషయంలో యుద్ధమని, నక్సలైట్ల విషయంలో నేరమని అధికారి అంటున్నాడు, అధ్యాపకుడు సరిగ్గా తలకిందులుగా, అక్కడ నేరమని, ఇక్కడ సాయుధ ఘర్షణ అని అంటున్నాడు. ఇద్దరిదీ అవకాశవాదమని కొట్టిపారేయడం తేలిక గాని, లోతున ఉన్న కారణం వేరు. నేరమంటే ప్రభుత్వం మీద రుజువు భారం పడుతుంది, యుద్ధమంటే ప్రత్యర్థికి హోదా దక్కుతుంది, బయటివారికి అడిగే హక్కు వస్తుంది. హుజీ విషయంలో అధికారికి రుజువు భారం బరువు, నక్సలైట్ల విషయంలో హోదా బరువు. అధ్యాపకుడికి అవే రెండూ రెండు చోట్లా పౌరుడికి రక్షణ. అంతర్గత ఘర్షణల నియమాలను విస్తరించిన 1977 నాటి రెండో అనుబంధ ఒడంబడికలో భారతదేశం చేరకపోవడానికి మూలం అధికారి వాదంలో కనబడుతుంది. ప్రపంచంలో చాలా ప్రభుత్వాలదీ ఇదే లెక్క. ఎవరిని శత్రువనాలో, ఎవరిని దొంగ అనాలో బృందపు స్వభావాన్ని బట్టి కాక, ఏ పేరుతో తమకు తక్కువ కట్టడి వస్తుందో దాన్ని బట్టి తేల్చుకుంటాయి.

అధికారి: హోదా ఇచ్చి చూశాం కదా మాస్టారూ. 2004 అక్టోబర్ 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో మంత్రులు వారి ప్రతినిధి రామకృష్ణతో ఎదురెదురుగా కూర్చున్నారు. ఏమైంది? 2005 ఆగస్టు 15న జెండా పండుగ నాడు నారాయణపేటలో ఎమ్మెల్యే నర్సిరెడ్డిని చంపారు, రెండు రోజులకు ప్రభుత్వం మళ్లీ నిషేధం పెట్టింది.

అధ్యాపకుడు: ఆ చర్చలకు దారి వేసిన పౌర స్పందన వేదికకు నాయకత్వం వహించిన ఎస్.ఆర్. శంకరన్ ఎవరు? 1987 డిసెంబరులో తూర్పుగోదావరి అడవుల్లో నక్సలైట్లు అపహరించిన ఐఏఎస్ అధికారుల్లో ఒకరు. వారి చేతిలో బందీగా ఉండివచ్చిన మనిషే పదేళ్లకు, హింస ఇరువైపులా తగ్గాలని అడిగే వేదిక నడిపాడు. చర్చలు విఫలమైతే చర్చించడం తప్పయిపోదు. మధ్యవర్తి అన్నవాడు లేని చోట ఏ కాల్పుల విరమణా నిలవదు.

అధికారి: శంకరన్‌గారి మీద గౌరవం లేనివాడు ఆ శాఖలో లేడు. ఆయన మాట దళాలు వినలేదు.

అధ్యాపకుడు: ప్రభుత్వాలూ వినలేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మావోయిస్టుల మీద నిషేధం తిరిగి విధించిన ఆ 2005 ఆగస్టు 17నే, బంగ్లాదేశ్‌లోని 64 జిల్లాల్లో 63 చోట్ల జమాతుల్ ముజాహిదీన్ అనే సంస్థ వందల కొద్దీ చిన్న బాంబులు ఒకే పూట పేల్చింది. రెండు ఘటనలకూ ఏ సంబంధమూ లేదు, తేదీ కలవడం కాకతాళీయం. కానీ బేగంపేటలో బాంబు పేలిన నాటికి నగరపు పోలీసు యంత్రాంగం చూపు ఎటు తిరిగి ఉందో, ముప్పు ఎటు నుంచి వచ్చిందో ఆ ఒక్క తేదీ చెబుతుంది. మావోయిస్టుల కథ ఆ తర్వాత సరిహద్దు దాటలేదు, ఛత్తీస్‌గఢ్ అడవుల్లోకి కుదించుకుపోయింది. శ్రీకాకుళం జిల్లాకు చెందిన ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు 2025 మే 21న అక్కడే ఎదురుకాల్పుల్లో చనిపోయాడు. పక్కనున్న నేపాల్‌లో అదే సిద్ధాంతం చెప్పుకున్న పార్టీ 2006 నవంబరులో శాంతి ఒప్పందం చేసుకుని ఎన్నికల్లో గెలిచి ప్రభుత్వం నడిపింది. రాజ్యేతరులు రాజ్యమైపోయే దారి అదొక్కటే కాదు. భద్రతా మండలి ఆంక్షల జాబితాలో ఏళ్ల తరబడి ఉన్న సిరియా సాయుధ నాయకుడు అహ్మద్ అల్ షరా దేశాధ్యక్షుడయ్యాక 2025 నవంబరులో ఆ పేరును మండలి స్వయంగా కొట్టివేసింది.

అధికారి: నిన్నటి ఉగ్రవాది నేటి అధ్యక్షుడైతే, అతని మనుషుల చేతుల్లో చచ్చినవాళ్ల లెక్క ఎవరు చూస్తారు? 2015 జూలైలో లిబియాలోని సిర్త్‌లో పాఠాలు చెప్పుకునే ఇద్దరు తెలుగు ఆచార్యులను సాయుధులు ఎత్తుకుపోయారు, వాళ్లు బయటపడేసరికి ఏడాది దాటింది. హైదరాబాద్‌లో కుటుంబాలు ఎదురుచూస్తుంటే, మాట్లాడటానికి అవతల ఉన్నది గుర్తింపు ఉన్న ప్రభుత్వం కాదు. అందరికీ వర్తించే ఒక నిర్వచనం, ఒక ఒప్పందం కావాలి. ఎవడు ఉగ్రవాదో పదవిని బట్టి మారకూడదు.

అధ్యాపకుడు: ఈ మాటతో పేచీ లేదు. అయితే ఆ నిర్వచనంలో రాజ్యాలు తమ చేత్తో తయారుచేసే ముఠాలు కూడా ఉండాలి. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా నిలబెట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో చెప్పవలసి వచ్చింది. రజాకార్లను సాకింది కూడా ఒక ప్రభుత్వమే.

అధికారి: రాయండి, అవీ ఉండనివ్వండి. కానీ సాక్ష్యం సరిహద్దు దాటే ఏర్పాటు మాత్రం మొదటి పేజీలో ఉండాలి.

ఆ ఒప్పందానికి ముసాయిదా లేకపోలేదు. అంతర్జాతీయ ఉగ్రవాదం మీద సమగ్ర ఒప్పందం కావాలని భారతదేశమే 1996లో ఐక్యరాజ్యసమితి ముందు ప్రతిపాదన పెట్టింది. విముక్తి పోరాటాలను అందులోంచి మినహాయించాలా, దేశాల సైన్యాలు చేసే హింసను అందులో చేర్చాలా అన్న రెండు ప్రశ్నల దగ్గర, అంటే ఈ ఇద్దరూ ఇంతసేపూ తగువులాడిన చోటే, అది ఆగిపోయింది. బేగంపేటలో ఆ విజయదశమి రాత్రి రాజ్యం తరఫున చనిపోయినవాడు పూర్తి స్థాయి పోలీసు ఉద్యోగి కూడా కాదు, రోజువారీ భత్యం మీద పనిచేసే హోంగార్డు. అతని మరణానికి ఆ 2017 తీర్పులో ఎవరికీ శిక్ష పడలేదు.